ఐయూఐ చేయించుకోవాలంటే: మొదటి పరీక్ష నుంచి పద్నాలుగో రోజు దాకా

పెండ్లయి ఏడాది దాటింది, ఇద్దరూ ఒక్కచోటే ఉంటున్నారు, జాగ్రత్తలేవీ వాడటం లేదు, అయినా నెల తప్పలేదు. అంటే డాక్టర్‌ను కలవాల్సిన టైం వచ్చింది. ఆమెకు 35 ఏండ్లు దాటితే ఏడాది కూడా ఆగొద్దు, ఆరు నెలలు చాలు. నెలసరి రెండు మూడు నెలలకోసారి వస్తున్నా, ఇదివరకు టీబీ గానీ ట్యూబులో గర్భం గానీ వచ్చి ఉన్నా, ఆయనకు గవదబిళ్లలతో పాటు వృషణాలు వాచిన చరిత్ర ఉన్నా ఆ ఆరు నెలలు కూడా అక్కర్లేదు.

అలా వెళ్లిన చాలామందికి హనుమకొండలోనో, కరీంనగర్‌లోనో కొన్ని నెలలకు వినపడే మాట 'ఐయూఐ (ఇంట్రా యూటరైన్ ఇన్సెమినేషన్) చేద్దాం'. ఊళ్లో పెద్దవాళ్లకు దీన్ని కృత్రిమ గర్భధారణ అని చెప్తే గోపాలమిత్ర వచ్చి బర్రెకు వేసే సూది గుర్తొస్తుంది. నవ్వుకోవాల్సిన పని లేదు, మూలం ఒకటే. అక్కడ ఎదకు వచ్చిందా లేదా అని చూస్తారు, ఇక్కడ గుడ్డు ఎంత పెరిగిందో స్కానింగులో మిల్లీమీటర్లలో కొలుస్తారు. మగవాని వీర్యాన్ని ల్యాబులో కడిగి, చురుగ్గా కదిలే వీర్యకణాలను వేరు చేసి, సన్నని గొట్టంతో నేరుగా గర్భసంచిలోకి పంపిస్తారు. ఎక్కువ జంటల్లో ఆ కణాలు భర్తవే.

ఇది టెస్ట్‌ట్యూబ్ బేబీ (ఐవీఎఫ్) కాదు. గుడ్డును బయటకు తీయరు, మత్తు ఇవ్వరు, కోత ఉండదు. గుడ్డూ కణమూ కలవడం మామూలుగా జరిగే చోటే, అంటే గుడ్డును గర్భసంచికి చేర్చే ట్యూబు (ఫెలోపియన్ ట్యూబు)లోనే జరగాలి. ఐయూఐ చేసేదల్లా మంచి కణాలను సరైన టైంకి దగ్గరిదాకా తీసుకెళ్లి వదలడం. అందుకే ట్యూబు మూసుకుపోతే ఇది పనికిరాదు. ఈ ఒక్కటి పట్టుకుంటే ఏ పరీక్ష ఎందుకు రాస్తున్నారో మీకే అర్థమవుతుంది.

ముందు ఆయన పరీక్ష

మన వైపు ఇంకా తిరగబడే నడుస్తోంది. ఆమెకు రెండేండ్లు గోలీలు మింగించి, కల్లుకుండలో పసరు కలిపి తాగించి, మూడు ఊర్ల ఆర్‌ఎంపీల దగ్గర తిప్పాక గానీ ఆయన పరీక్ష గుర్తుకు రాదు. వీర్య పరీక్ష నొప్పి లేనిది, పెద్ద ఖర్చు లేనిది, ఆ రోజే రిపోర్టు వచ్చేది. పిల్లలు కాని జంటల్లో దగ్గర దగ్గర సగం మందిలో మగవాని వైపు కారణం పూర్తిగానో కొంతో ఉంటుంది. అలాంటప్పుడు మొదట చేయాల్సిన పరీక్ష ఇదే. అత్తమ్మ ఒప్పుకోకపోతే అత్తమ్మకు చెప్పకుండానే చేయించండి.

పరీక్షకు ముందు రెండు రోజులకు తక్కువ కాకుండా, ఏడు రోజులకు మించకుండా కలయికకు దూరంగా ఉండాలి. 'ఎక్కువ రోజులు ఆపితే కౌంటు పెరుగుతుంది కదా' అని పదిహేను రోజులు ఆపేవాళ్లుంటారు. కౌంటు పెరిగినా కదలిక తగ్గుతుంది, రిపోర్టు తప్పుదారి పట్టిస్తుంది. శాంపిల్ తీసేటప్పుడు సబ్బు, నూనె, కండోమ్ వాడకూడదు. ల్యాబులోనే ఇవ్వడం మేలు. ఇంటి నుంచి తేవాల్సి వస్తే గంటలోపు, చల్లబడకుండా చొక్కా లోపలి జేబులో పెట్టుకుని తేవాలి. నర్సంపేట నుంచో పరకాల నుంచో తెచ్చే ఆలోచన పెట్టుకోకండి.

రిపోర్టులో మూడు అంకెలు చూడండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన కింది హద్దుల ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, వాటిలో కదిలేవి 42 శాతం, సరైన ఆకారం ఉన్నవి 4 శాతం. ఆ చివరి అంకె చూసి హడలిపోయేవాళ్లే ఎక్కువ, 'వందలో తొంభై ఆరు పాడైపోయాయట' అని. నాలుగు ఉంటే నార్మలే. అసలు మగవాళ్లందరిలోనూ ఎక్కువ కణాలు వంకర టింకరగానే ఉంటాయి. ఒక రిపోర్టు తక్కువ వచ్చిందని తీర్పు చెప్పేయకూడదు, కొన్ని వారాలాగి రెండోసారి చేయించాలి. డెంగీ, టైఫాయిడ్ లాంటి గట్టి జ్వరం వచ్చి రెండు నెలలే అయితే కౌంటు పడిపోయి ఉండొచ్చు.

కణం తయారు కావడానికి రెండున్నర నెలల వరకు పడుతుంది. ఈ రోజు గుట్కా, సిగరెట్టు మానేస్తే ఫలితం మూడు నెలలకు కనిపిస్తుంది. లారీ నడిపేవాళ్లు, బట్టీల దగ్గర, వేడి యంత్రాల దగ్గర పనిచేసేవాళ్లు ఆ సంగతి డాక్టర్‌కు చెప్పాలి. ఇంకొకటి, యువకులు దాచిపెట్టేది: జిమ్‌లో కండల కోసం తీసుకునే టెస్టోస్టిరాన్ సూదులు. మగతనం పెంచేదే కదా అనుకుంటారు, కానీ బయటి నుంచి ఆ హార్మోన్ వస్తే శరీరం సొంతంగా కణాలు తయారు చేయడం ఆపేస్తుంది. కౌంటు సున్నాకు కూడా పోవచ్చు. ఈ సూది తీసుకున్నారా అని డాక్టర్ అడగకపోయినా మీరే చెప్పండి.

ఆమె పరీక్షలు

థైరాయిడ్, ప్రొలాక్టిన్, షుగర్, హీమోగ్లోబిన్, గుడ్ల నిల్వ తెలిపే ఏఎంహెచ్, యోని ద్వారా చేసే ట్రాన్స్‌వెజైనల్ స్కానింగ్ ఒకటి. ఇవి మామూలే. ఏఎంహెచ్ తక్కువ వచ్చిందంటే నిల్వ తక్కువని, ఆలస్యం చేయొద్దని. పిల్లలు పుట్టరని కాదు. ఇద్దరికీ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు, అందరికీ చేసేవే, అనుమానంతో కాదు. ఫోలిక్ యాసిడ్ గోలీ ఇప్పటి నుంచే మొదలుపెట్టాలి, నెల తప్పాక కాదు.

నిలబడి అడగాల్సింది ట్యూబుల పరీక్ష గురించి. దాన్ని హెచ్‌ఎస్‌జీ అంటారు. గర్భసంచిలోకి రంగు ద్రవం పంపి ఎక్స్‌రే తీస్తారు. ద్రవం రెండు వైపులా కడుపులోకి చిందితే ట్యూబులు తెరిచి ఉన్నట్లు. నెలసరి మొదలైన ఆరో రోజు నుంచి పదో రోజు మధ్య, బ్లీడింగ్ ఆగాక చేస్తారు. నెలసరి నొప్పిలాంటి నొప్పి కొద్ది నిమిషాలు ఉంటుంది. ముందుగా వేసుకునే నొప్పి గోలీ రాసివ్వమనండి, వెంట ఒకరిని తీసుకెళ్లండి.

ఈ పరీక్ష లేకుండానే నాలుగైదు ఐయూఐలు చేయించుకుని, ఆ తర్వాత రెండు ట్యూబులూ బ్లాక్ అని తెలుసుకున్నవాళ్లు ఉన్నారు. ఆ డబ్బూ, ఆ ఏడాదీ ఎవరూ తిరిగి ఇవ్వరు. మన దేశంలో ట్యూబులు పాడవడానికి ఒక పెద్ద కారణం గర్భసంచి టీబీ. దగ్గు, జ్వరం లేకుండానే ఉంటుంది. కాబట్టి ఇంట్లో ఎవరికి టీబీ వచ్చినా చెప్పండి. ఒక్క ట్యూబు తెరిచి ఉన్నా ఐయూఐ చేయొచ్చు. రెండూ మూసుకుంటే, ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొర లాంటిది బయట పెరిగే జబ్బు) బాగా ముదిరితే, కణాలు మరీ తక్కువైతే నేరుగా ఐవీఎఫ్ గురించే మాట్లాడాలి.

సెంటరులో అడగాల్సినవి

సంతాన సాఫల్య కేంద్రాలకు 2021 నాటి ఏఆర్‌టీ (సంతానం కోసం చేసే చికిత్సల) చట్టం ఉంది, 2022 జనవరి 25 నుంచి అమల్లో ఉంది. ఐయూఐ మాత్రమే చేసేవి లెవెల్ 1, ఐవీఎఫ్ చేసేవి లెవెల్ 2. రెంటికీ రిజిస్ట్రేషన్ కావాలి. సర్టిఫికెట్ చూపించమని అడిగితే మొహమాటపడాల్సింది మీరు కాదు. ఆ చట్టం ప్రకారం ఆమెకు 21 దాటి 50 లోపు, ఆయనకు 21 దాటి 55 లోపు వయసుండాలి.

ఖర్చు కాగితం మీద విడివిడిగా రాయించుకోండి: స్కానింగులు ఎన్ని, సూదులు ఎన్ని, కణాలు కడిగినందుకు ఎంత, ఐయూఐకి ఎంత. 'ప్యాకేజీ' అని ఒక్క అంకె చెప్పి, తర్వాత సూదులు వేరే అనడం పాత పద్ధతి. మగపిల్లవాడే పుట్టేలా కణాలను వేరు చేస్తామని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి, అది 1994 నాటి లింగ నిర్ధారణ నిషేధ చట్టం కింద నేరం.

ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చేవాళ్లు దూరం కూడా లెక్కేసుకోవాలి. ఒక్క నెలలో నాలుగైదుసార్లు రావాల్సి ఉంటుంది, వాటిలో కొన్ని రేపు రమ్మంటే రేపే రావాల్సినవి. మధ్యలో చేసే స్కానింగులు మీ దగ్గరి పట్టణంలో చేయించి రిపోర్టు ఫోన్‌లో పంపొచ్చా అని ముందే అడగండి, కొందరు ఒప్పుకుంటారు. మేడారం జాతర పడే నెలలో ఆ దారిలో ఉండేవాళ్లు ఐయూఐ సైకిల్ (ఒక నెల చికిత్స) మొదలుపెట్టకపోవడమే మంచిది. మొక్కు చెల్లించి, ఎత్తు బంగారం (బెల్లం) ఇచ్చి రండి, ఆ తర్వాతి నెల చూసుకోవచ్చు.

ఆ నెల ఎలా నడుస్తుంది

నెలసరి ఎర్రగా ధార కట్టిన రోజు ఒకటో రోజు. మరకలు కనపడిన రోజు లెక్కలోకి రాదు. రెండో రోజో, మూడో రోజో ఒక స్కానింగ్ చేసి పాత నీటిబుడగలేమైనా ఉన్నాయా చూస్తారు. అప్పుడు లెట్రోజోల్ గానీ క్లోమిఫీన్ గానీ ఐదు రోజులకు రాస్తారు. లెట్రోజోల్ గురించి ఫోన్‌లో వెతికితే రొమ్ము క్యాన్సర్ మందు అని వస్తుంది. టెన్షన్ పడి మానేయకండి. అది నిజంగా ఆ మందే, తక్కువ రోజులు వాడితే గుడ్డు పెరగడానికి కూడా పనికొస్తుంది, పీసీఓడీ (గుడ్డు సరిగా విడుదల కాని సమస్య) ఉన్నవాళ్లకు మొదట ఇచ్చేది ఎక్కువగా ఇదే. కొందరికి గుడ్డు పెరగడానికి సూదులు కూడా కలుపుతారు.

తొమ్మిదో, పదో రోజు నుంచి రోజు విడిచి రోజు స్కానింగ్. దీన్నే ఫాలిక్యులర్ స్టడీ అంటారు. గుడ్డు బుడగ రోజుకు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు పెరుగుతుంది. 18 నుంచి 20 మిల్లీమీటర్లకు వచ్చాక, గర్భసంచి పొర కూడా ఏడెనిమిది మిల్లీమీటర్లు దాటితే, గుడ్డు పగలడానికి హెచ్‌సీజీ సూది ఇస్తారు. సూది పడ్డాక దాదాపు 36 గంటలకు గుడ్డు విడుదలవుతుంది. సోమవారం రాత్రి పదింటికి సూది అంటే బుధవారం పొద్దున పదింటి ప్రాంతంలో ఐయూఐ. ఆ సూది టైం డాక్టర్ చెప్పిన నిమిషానికే పడాలి, ఊళ్లో వేసేవాళ్లు దొరక్కపోతే ఆ రాత్రి టౌన్‌లోనే బంధువుల ఇంట్లో ఉండండి. సూదిని ఫ్రిజ్‌లో పెట్టమన్నారా లేదా మెడికల్ షాపులోనే అడగండి. వేసిన టైం చీటీ మీద రాసుకోండి.

ఇంత హడావుడి ఎందుకంటే, విడుదలైన గుడ్డు బతికేది ఒక్క పూట నుంచి ఒక్క రోజు. కడిగిన కణాలు కూడా మామూలు కణాలంత కాలం బతకవు. మూడుకు మించి పెద్ద గుడ్లు పెరిగితే డాక్టర్ ఆ నెల ఆపేద్దాం అంటారు. ఖర్చు పోయిందని కొట్లాడకండి. ముగ్గురు నలుగురు పిల్లలు ఒక్క కాన్పులో పడటం తల్లికీ బిడ్డలకూ ప్రమాదమే.

ఐయూఐ రోజు

పొద్దున ఆయన శాంపిల్ ఇస్తారు. డబ్బా మీద ఇద్దరి పేర్లు, తేదీ, టైం, ఫైల్ నంబరు రాశారో లేదో ఆయనే చూసి, చదివి, అప్పగించాలి. ఒకే రోజు ముగ్గురు రజితలు, ఇద్దరు స్రవంతులు ఉండే ఊరు మనది. భర్త పేరు, ఇంటిపేరు కూడా పూర్తిగా ఉండాలి. ఐయూఐ చేసే ముందు గొట్టంలోకి తీసుకున్న శాంపిల్ మీద పేరు ఆమెకు వినిపించేలా చదవమని అడగండి, మంచి సెంటర్లలో అడక్కుండానే చదువుతారు. టెన్షన్ వల్ల ఆ పొద్దున శాంపిల్ ఇవ్వలేకపోవడం చాలామందికి జరిగేదే. అలాంటి భయం ఉంటే ముందే ఒకటి ఫ్రీజ్ చేసి ఉంచమని అడగొచ్చు.

కడగడానికి గంట, గంటన్నర పడుతుంది. కడిగాక ఎన్ని కదిలే కణాలు మిగిలాయో అడిగి రాయించుకోండి. 50 లక్షలు దాటితే ఆశ బాగుంటుంది, 10 లక్షల లోపైతే చాలా తక్కువ. రెండోసారి వెళ్లాలా వద్దా అన్నది తేల్చడానికి ఈ అంకె కావాలి.

ఆ తర్వాత పని ఐదు, పది నిమిషాలే. కాన్పుల టేబుల్ లాంటి దాని మీద పడుకోబెట్టి, పరికరంతో గర్భసంచి మూతి కనపడేలా చేసి, సన్నని మెత్తని గొట్టాన్ని లోపలికి పంపి, అర మిల్లీలీటరు దాకా ద్రవాన్ని మెల్లగా వదులుతారు. కొంచెం పట్టేసినట్లు ఉంటుంది. మూత్రం కొద్దిగా నిండి ఉండమని కొందరు డాక్టర్లు అంటారు, ఎలా కావాలో ముందే అడగండి. పది పదిహేను నిమిషాలు పడుకోబెట్టి పంపిస్తారు. లేచాక కొంచెం తడి కారితే అంతా పోయిందని ఏడవకండి, కణాలు అప్పటికే పైన ఉంటాయి.

పద్నాలుగు రోజులు

మంచం దిగొద్దు, మెట్లు ఎక్కొద్దు, బస్సు ఎక్కొద్దు అని చెప్పేవాళ్లు పది మంది తయారవుతారు. వాటి వల్ల గర్భం నిలబడుతుందని రుజువు లేదు. ఇంటి పని, ఆఫీసు, బడి, దుకాణం అన్నీ మామూలే. మిర్చి బస్తాలు ఎత్తడం, పత్తి చేలో రోజంతా వంగి ఉండటం లాంటి బరువు పనులకు రెండు రోజులు సెలవు ఇస్తే చాలు. డాక్టర్ వద్దనకపోతే భార్యాభర్తలు కలవొచ్చు. బొప్పాయి వద్దంటే మానేయండి, దాంతో పోయేదేమీ లేదు.

ప్రొజెస్టిరాన్ గోలీలు ఇస్తే సొంతంగా ఆపొద్దు. ఆ గోలీలతోనే రొమ్ములు నొప్పులు, నిద్రమత్తు, వికారం వస్తాయి. వాటిని చూసి నిలిచిందని గానీ, అవి లేవని నిలవలేదని గానీ అనుకోవద్దు. ఏడో రోజే మూత్రంతో టెస్టు చేస్తే రెండు గీతలు పడొచ్చు. పడేది మీకు వేసిన హెచ్‌సీజీ సూది వల్ల కావచ్చు, టెస్టు వెతికేదీ ఆ హార్మోన్‌నే. అందుకే పద్నాలుగు రోజులకు రక్తంలో బీటా హెచ్‌సీజీ చేయించండి. పాజిటివ్ వస్తే, చివరి నెలసరి నుంచి లెక్కేసి ఆరేడు వారాలకు స్కానింగ్, గర్భం సంచిలోనే ఉందా ట్యూబులో ఉందా చూడటానికి. దాన్ని మాత్రం వాయిదా వేయొద్దు.

జ్వరం, తట్టుకోలేని కడుపు నొప్పి, కడుపు ఉబ్బి ఊపిరి ఆడకపోవడం, ఆగని వాంతులు, ఎక్కువ బ్లీడింగ్: వీటిలో ఏది వచ్చినా రాత్రయినా ఆగొద్దు. సెంటరు మూసి ఉంటే పెద్ద దవాఖానకు వెళ్లి, ఐయూఐ అయిందని, ఏ సూదులు వేశారో చెప్పాలి. ఆ చీటీలు ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.

ఆయన గల్ఫ్‌లో ఉంటే

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఇది ఇంటింటి కథ. రెండేండ్లకోసారి నెల, రెండు నెలల సెలవు. ఆ సెలవులో పెండ్లిళ్లు, ఇల్లు కట్టడం, మధ్యలో డాక్టర్. ఇలా చేయండి: ఆమె పరీక్షలన్నీ, హెచ్‌ఎస్‌జీతో సహా, ఆయన రాకముందే పూర్తి చేయండి. ఆయన దిగిన వారంలోనే వీర్య పరీక్ష, రక్త పరీక్షలు. సెలవు తేదీలకు నెలసరి కుదరకపోతే గోలీలతో కాస్త అటూ ఇటూ జరపొచ్చు, కానీ అది డాక్టర్ రెండు మూడు నెలల ముందు నుంచే ప్లాన్ చేయాలి. వెళ్లేముందు శాంపిల్స్ ఫ్రీజ్ చేయించి, ఆయన లేనప్పుడు వాడటానికి లిఖితపూర్వక అంగీకారం ఇచ్చి వెళ్లొచ్చు. కరిగించాక కొన్ని కణాలు చచ్చిపోతాయి కాబట్టి ఒకటి కంటే ఎక్కువ దాచడం మేలు. మరీ తక్కువ కౌంటు ఉంటే ఆ దాచినవి ఐవీఎఫ్‌కే పనికొస్తాయి.

దాత కణాలు అంటే

కణాలు అసలు లేవని తేలి, ఆపరేషన్‌తో కూడా దొరక్కపోతే దాత కణాల మాట వస్తుంది. ఇంట్లో గుట్టుగా 'మరిదివి వాడితే మన రక్తమే కదా' అనే సలహా వస్తుంది. చట్టం దానికి చోటివ్వలేదు. కణాలు రిజిస్టరైన బ్యాంకు నుంచే రావాలి, దాత వయసు 21 నుంచి 55 మధ్య, అన్ని పరీక్షలూ చేసి ఉండాలి, ఒక దాతవి ఒక్క జంటకే ఇవ్వాలి, అతనికి బిడ్డ మీద ఏ హక్కూ ఉండదు. పుట్టిన బిడ్డ చట్టం ముందు మీ ఇద్దరి బిడ్డే. ఇద్దరి సంతకాలూ కావాలి. తెలుగులో రాసిన అంగీకార పత్రం అడిగి, ఇంటికి తెచ్చుకుని చదివి, మర్నాడు సంతకం పెట్టండి.

ఎన్నిసార్లు

ఒక్కో సైకిల్‌కు నిలిచే అవకాశం పది నుంచి పదిహేను శాతం చుట్టూ ఉంటుంది, వయసు, కణాలు, కారణం బట్టి అటూ ఇటూ. అంటే మొదటిసారికే కాకపోవడం మామూలు సంగతి. మూడు, మహా అయితే నాలుగు. 38 దాటిన ఆమెకు అంత కూడా వద్దు. కారణం ఏదీ దొరకని జంటలకు ఐయూఐని మామూలుగా ఇవ్వొద్దని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు 2013లోనే అన్నాయి, ఐవీఎఫ్ ఖర్చు చూస్తే మన డాక్టర్లు ముందు ఇది చేద్దామనడంలోనూ న్యాయముంది. నాకు నచ్చనిది ఏడోసారి, ఎనిమిదోసారి అదే గోలీ, అదే సూది పెట్టించడం. ఎన్నిసార్లకు ఆపాలో మొదటి సైకిల్‌కు ముందే భార్యాభర్తలు మాట్లాడుకోండి. ఫెయిలైన రోజు సాయంత్రం ఆ మాట మాట్లాడటం కష్టం.

ఆ తర్వాత ఐవీఎఫ్ వైపు వెళ్లేవాళ్లకు ప్రైవేటు ఒక్కటే దారి కాదు. హైదరాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వ సంతాన సాఫల్య కేంద్రం మొదలైంది, కాజీపేటలో పొద్దుటి రైలెక్కితే ఓపీ టైంకి సికింద్రాబాద్‌లో దిగొచ్చు. ఎక్కడికి వెళ్లినా హెచ్‌ఎస్‌జీ ఫిల్ములు, వీర్య పరీక్ష రిపోర్టులు, ప్రతి సైకిల్ స్కానింగ్ చీటీ, కడిగాక కణాల లెక్క, వాడిన మందుల డోసులు, ఇద్దరి ఆధార్, పెండ్లి సర్టిఫికెట్ ఒకే ఫైల్‌లో తేదీల వారీగా ఉండాలి. పాత సెంటరు ఒరిజినల్స్ ఇవ్వడానికి సతాయిస్తే కేస్ షీట్ కాపీ కావాలని రాసి ఇవ్వండి. తమ రికార్డు కాపీ పొందడం పేషెంటు హక్కు.